వేల్స్ దేశపు వ్రాతప్రతులు, వాటిని కాపాడిన చేతులు

వృత్తం చుట్టుకొలతను దాని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ‘పై’ అనే గ్రీకు అక్షరంతో సూచిస్తామని ఉన్నత పాఠశాల విద్యార్థులందరికీ తెలుసు. ఈ అర్థంలో ఆ అక్షరాన్ని మొట్టమొదట అచ్చులో వాడినవాడు విలియం జోన్స్. 1706లో వెలువడిన అతని గణిత గ్రంథంలో అది కనిపిస్తుంది. మరి ముప్పై ఏండ్లకు ఆయిలర్ వంటి మహాగణితవేత్త దానిని స్వీకరించిన తరువాతనే అది లోకమంతటా వ్యాపించినది.

జోన్స్ వేల్స్ దేశీయుడు. గ్రేట్ బ్రిటన్ ద్వీపపు పడమటి భాగమే వేల్స్. దాని వాయవ్య మూలన ఉన్న ఆంగ్లసీ అనే చిన్న ద్వీపంలో, సామాన్య రైతు కుటుంబంలో అతడు పుట్టినాడు. కొంతకాలం ఓడల మీద గణితం బోధించి, లండను చేరి, న్యూటనుకు స్నేహితుడై, న్యూటను గణిత రచనలు కొన్నింటిని 1711లో అచ్చు వేయించినాడు. అతని కుమారుడే మన దేశానికి న్యాయమూర్తిగా వచ్చి 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్స్.

ఈ గణితవేత్త మరొక పని కూడ చేసినాడు. తన మాతృభాషలోని పాత వ్రాతప్రతులను ఒక పండితుని మరణానంతరం కొని భద్రపరచినాడు. ఆ వ్రాతలు నేడు వేల్స్ పడమటి తీరాన అబెరిస్ట్విత్ పట్టణంలోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నవి. అవి అతని చేతికి ఎట్లా వచ్చినవో, అక్కడినుండి ఆ కొండమీది భవనానికి ఎట్లా చేరినవో తెలుసుకుంటే, ఒక జాతి జ్ఞాపకశక్తి ఎంత సన్నని దారం మీద వ్రేలాడుతుందో బోధపడుతుంది.

లూయిడ్ ప్రశ్నావళి

ఈ కథ ఎడ్వర్డ్ లూయిడ్‌తో మొదలవుతుంది. ఇతడు 1660లో పుట్టి 1709లో మరణించినాడు. ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ మ్యూజియానికి అధిపతి. నేటి లెక్కన ఇతనిని వృక్షశాస్త్రజ్ఞుడనాలో, భూగర్భశాస్త్రజ్ఞుడనాలో, భాషాశాస్త్రజ్ఞుడనాలో చెప్పడం కష్టం, మూడూ నిజమే. వేల్స్‌లోని స్నోడన్ కొండలలో పూచే ఒక చిన్న తెల్లని పువ్వును కనుగొన్నాడు. బ్రిటన్‌లో దొరికే శిలాజాలకు 1699లో సచిత్రమైన పట్టిక ప్రకటించినాడు. దాని అచ్చుఖర్చు భరించినవారిలో న్యూటను ఒకడు. అచ్చయిన ప్రతులు 120 మాత్రమే.

లూయిడ్ తన దేశాన్ని తెలుసుకొనడానికి కొత్త పద్ధతి ఒకటి అవలంబించినాడు. ఒక ప్రశ్నావళి తయారుచేసి, నాలుగువేల ప్రతులు అచ్చువేయించి, వేల్స్‌లోని గ్రామమండలాలన్నింటికీ పంపినాడు. మీ ఊరిలో పాత శిలలు, శాసనాలు ఉన్నవా? ఏయే మొక్కలు పెరుగుతున్నవి? రాళ్ళలో గవ్వల ఆకారాలు కనిపిస్తున్నవా? ఎవరి ఇంటనైనా పాత వ్రాతపుస్తకాలు ఉన్నవా? ఇటువంటివి ఆ ప్రశ్నలు. తరువాత 1697 నుండి 1701 వరకు తానే వేల్స్, ఐర్లండు, స్కాట్లండు, కార్న్‌వాల్, బ్రిటనీ ప్రాంతాలు తిరిగి, దొరికిన వ్రాతప్రతులను కొన్నాడు; కొననివాటికి నకళ్ళు వ్రాసుకున్నాడు. ఆ శ్రమ ఫలితంగా వెల్ష్, బ్రెటన్, కార్నిష్, ఐరిష్ భాషలు ఒకే కుటుంబానికి చెందినవని 1707లో నిరూపించగలిగినాడు. మొక్కలను పోల్చి వర్గీకరించినట్లే మాటలను కూడ పోల్చి వర్గీకరించవచ్చునని చూపిన తొలివారిలో ఇతడొకడు.

లూయిడ్ అప్పులతో మరణించినాడు. ఆ అప్పుల క్రింద అతని వ్రాతప్రతులు, లేఖలు, యాత్రల టిప్పణాలు అమ్ముడైపోయినవి. సీబ్రైట్ అనే ఆంగ్ల జమీందారు వాటిని కొన్నాడు. దాదాపు వంద సంవత్సరాలు అవి ఆ ఇంట ఉన్నవి. తరువాత ఐరిష్ గ్రంథాలు డబ్లిన్‌కు వెళ్ళినవి. మిగిలిన వెల్ష్ గ్రంథాలలో అనేకం 1807లో చేతులు మారి, వేల్స్‌లోని రెండు పెద్ద భవనాలకు చేరినవి. వాటిలో హావోడ్ భవనం ఆ సంవత్సరమే దగ్ధమైనది. రెండవదైన విన్‌స్టే భవనం 1858లో అగ్నికి ఆహుతి అయినది. లూయిడ్ జీవితమంతా తిరిగి కూర్చినదానిలో పెద్ద భాగం ఈ రెండు మంటలలో బూడిద అయినది.

శిష్యుని పెట్టె

లూయిడ్ వద్ద పనిచేసిన యువకులలో మోసెస్ విలియమ్స్ ఒకడు. గురువుగారి వలెనే ఇతడు కూడ ఊరూరా తిరిగి వ్రాతప్రతులు సేకరించినాడు. 1742లో ఇతడు మరణించగా, ఆ ప్రతులను మన గణితవేత్త విలియం జోన్స్ కొన్నాడు. 1749లో జోన్స్ చనిపోతూ తన గ్రంథాలయాన్నంతా మాకిల్స్‌ఫీల్డ్ ప్రభువుకు వ్రాసి ఇచ్చినాడు. ఆ ప్రభువు షర్బర్న్ కోటలో అవి నూటయాభై ఏండ్లు నిద్రపోయినవి. వాటి ప్రక్కనే న్యూటను లేఖలు కూడ ఉండేవి. ఆ శాస్త్రసంబంధమైన కాగితాలను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 2000లో 60 లక్షల పౌండ్లకు పైగా వెచ్చించి కొన్నది. వెల్ష్ వ్రాతప్రతులు మాత్రం అంతకు పూర్వమే, 1899లో, మరొక మహనీయుని చేతికి వచ్చినవి.

ఆయన సర్ జాన్ విలియమ్స్ అనే వైద్యుడు. 1840లో వేల్స్‌లో పుట్టి, లండనులో స్త్రీల వ్యాధుల చికిత్సలో పేరు సంపాదించి, విక్టోరియా రాణి కుటుంబానికి వైద్యుడయినాడు. సంపాదించినదానిలో పెద్ద భాగం వెల్ష్ గ్రంథాలకే వెచ్చించినాడు. షర్బర్న్ కోటలోని వెల్ష్ ప్రతులను కొన్న తరువాత ఆయన దృష్టి అంతకంటె గొప్ప నిధి మీద పడినది.

ఆ నిధిని కూర్చినవాడు రాబర్ట్ వాన్. పదునేడవ శతాబ్దిలో, ఉత్తర వేల్స్‌లోని హెన్‌గూర్ట్ అనే ఇంట్లో ఉండి, 1667లో మరణించేవరకు వెల్ష్ గ్రంథాలను సేకరించినాడు. క్రీ. శ. 1250 ప్రాంతంలో వ్రాసిన కార్మార్థెన్ నల్లని గ్రంథం, పదునాల్గవ శతాబ్దికి చెందిన టాలియెసిన్ గ్రంథం, పాత వెల్ష్ కథలను భద్రపరచిన రదర్ఖ్ తెల్లని గ్రంథం అన్నీ అతని అలమారులోనివే. ఆంగ్లకవి ఛాసర్ రచించిన కాంటర్బరీ కథల ప్రతులలో అతి పురాతనమైనవాటిలో ఒకటి కూడ అక్కడనే ఉండేది. దాని అంచులను ఎలుకలు కొరికిన గుర్తులు నేటికీ కనిపిస్తవి. వాన్ మరణానంతరం రెండు శతాబ్దాలు ఆ గ్రంథాలు ఎలుకలనూ, తేమనూ, వారసుల అశ్రద్ధనూ ఎదుర్కొన్నవి. 1859లో వీలునామా ప్రకారం పెనియార్త్ అనే భవనపు యజమానికి అవి సంక్రమించినవి. అందువలన వాటికి పెనియార్త్ ప్రతులని పేరు వచ్చినది. అవి సుమారు 560. ఆ యజమాని కుమారుల జీవితకాలం ముగిసిన తరువాత తనకు చెందే ఒప్పందం మీద సర్ జాన్ వాటిని ముందుగానే కొని ఉంచినాడు.

కొండమీద భవనం

ఆ కాలంలో వేల్స్‌కు జాతీయ గ్రంథాలయం లేదు. అది ఎక్కడ ఉండాలనే విషయంలో కార్డిఫ్, అబెరిస్ట్విత్ పట్టణాల మధ్య గట్టి పోటీ ఏర్పడినది. కార్డిఫ్ పెద్ద నగరం. అబెరిస్ట్విత్ సముద్రతీరాన చిన్న పట్టణం. అయితే గ్రంథాలయం అబెరిస్ట్విత్‌లో నెలకొన్నట్లయితే తన సేకరణలనన్నింటినీ దానికే ఇస్తానని సర్ జాన్ ప్రకటించినాడు. ఆ మాటే తూకాన్ని మార్చినది. 1907 మార్చిలో రాజశాసనం వెలువడినది. సర్ జాన్ గ్రంథాలయానికి మొదటి అధ్యక్షుడయినాడు. 1909లో పెనియార్త్ ప్రతులు అక్కడికి వచ్చినవి. పట్టణానికి ఎగువన కొండమీద, సముద్రానికి ఎదురుగా, 1911లో భవనానికి శంకుస్థాపన జరిగినది. ఆ సంవత్సరమే చేసిన చట్టం ద్వారా బ్రిటన్‌లో అచ్చయ్యే పుస్తకాలను కోరి పొందే హక్కు కూడ ఈ గ్రంథాలయానికి లభించినది.

క్రమంగా వ్యక్తుల సొంత కాగితాలు కూడ అక్కడికి రాసాగినవి. సొంత కాగితాలంటే లేఖలు, దినచర్యలు, జమాఖర్చు పుస్తకాలు, ఉపన్యాసాల చిత్తుప్రతులు మొదలైనవి. బ్రిటన్ ప్రధానమంత్రిగా ఉండిన లాయిడ్ జార్జి కాగితాలు కొన్ని అక్కడ ఉన్నవి. తెలుగు దేశపు చరిత్రతో ముడిపడిన కాగితాలు కూడ ఆ భవనంలో లేకపోలేదు. 1765లో రెండవ షా ఆలం పాదుషా నుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించిన రాబర్ట్ క్లైవు కాగితాలలో కొంతభాగం అక్కడ ఉన్నది. అతని కుమారుడు ఎడ్వర్డ్ క్లైవు వేల్స్‌లోని పోవిస్ కోట వంశపు ఆడపడుచును వివాహమాడినాడు. ఇతడు 1798 నుండి 1803 వరకు మద్రాసు గవర్నరు. నిజాం ప్రభువు కడప, బళ్ళారి మొదలైన దత్తమండలాలను 1800లో కంపెనీకి వదలినది ఇతని కాలంలోనే. ఈ వివాహ సంబంధం వలననే మన ప్రాంతపు చరిత్రకు ఆధారాలైన కొన్ని కాగితాలు వేల్స్ కొండమీదికి చేరినవి.

తోలు, సిరా, తేమ

వ్రాతప్రతిని ఒక భవనానికి చేర్చినంతమాత్రాన రక్షణ పూర్తి కాదు. మన తాటాకు గ్రంథాలకు పురుగు శత్రువయినట్లు, ఐరోపా గ్రంథాలకు తేమ శత్రువు. నల్లని గ్రంథం వంటి పాతప్రతులను జంతుచర్మం మీద వ్రాసేవారు. దూడ, గొర్రె, మేక చర్మాలను సున్నపునీటిలో నానబెట్టి, వెండ్రుకలు తీసి, చట్రానికి బిగించి, గీకి, ఆరబెట్టితే తోలుపత్రం తయారవుతుంది. దీనిలో ముఖ్యపదార్థం కొల్లాజెన్ అనే ప్రోటీను. ఇది గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది; గాలి పొడిగా ఉంటే తేమను వదలి ముడుచుకుంటుంది. ఈ రెండూ మాటిమాటికి జరిగితే పత్రం వంకరలు తిరిగి, దానిమీది రంగులు రాలిపోతవి. తేమ మరీ ఎక్కువైతే బూజు పడుతుంది.

సిరాకూ దాని రసాయనం దానికి ఉన్నది. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపి, తుమ్మబంక వంటి జిగురు చేర్చి ఆ కాలపు సిరా చేసేవారు. మాచికాయలోని టానిన్, అన్నభేదిలోని ఇనుము కలిసి, గాలి తగిలిన కొద్దీ నల్లబడి, చర్మంలోనికి ఇంకుతవి. కాలం గడిచేకొద్దీ ఆ నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది. పందొమ్మిదవ శతాబ్దిలో కొందరు పండితులు వెలిసిన అక్షరాలమీద మళ్ళీ మాచికాయ కషాయం పూసేవారు. మిగిలిన ఇనుముతో అది కలిసి అక్షరం ఒక్కసారి నల్లగా మెరిసేది. కాని కొన్నేండ్లకు పూసిన చోటంతా మచ్చపడి, అక్షరం శాశ్వతంగా మరుగుపడేది. తొందరపడి చదవడం ఎంత ప్రమాదకరమో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఓపిక పట్టినవారికి లభించిన ఫలితం నల్లని గ్రంథంలో చూడవచ్చును. పూర్తిగా వెల్ష్ భాషలో వ్రాసినవాటిలో అతి పురాతనమైన గ్రంథాలలో ఇది ఒకటి. దీని మూలాన్ని వ్రాసినవాడు ఒక్కడే. తరువాత శతాబ్దాలలో చదివినవారు అంచులలో తమ మాటలు, పద్యాలు, బొమ్మలు చేర్చుకున్నారు. పదునారవ శతాబ్ది చివర దీని యజమాని ఒకడు ఈ చేర్పులను గీకి చెరిపివేసినట్లు తోస్తుంది. అయితే పైపైన గీకినంతమాత్రాన చర్మంలోనికి ఇంకిన ఇనుము పూర్తిగా పోదు. అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తే తోలుపత్రం నీలికాంతితో ప్రతిదీప్తి పొందుతుంది. ఇనుము ఉన్నచోట ఆ కాంతి తగ్గి నీడవలె నల్లని గీతలు కనిపిస్తవి. కేంబ్రిడ్జి పరిశోధకులు ఈ పద్ధతిని ఉపయోగించి చెరిపివేసిన ముఖాల బొమ్మలను, ఒక పద్యభాగాన్ని బయటపెట్టినట్లు 2015లో ప్రకటించినారు. ఈ గ్రంథాన్ని సేకరించిన వాన్‌కు గాని, కొన్న సర్ జాన్‌కు గాని తాము కాపాడుతున్న పుటలలో ఈ ముఖాలు ఉన్నవని తెలియదు. మాచికాయ కషాయం పడి ఉంటే అవి ఎవరికీ తెలిసేవి కావు.

రాతిలో సొరంగం

రెండవ ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు ఈ గ్రంథాలయం వేల్స్‌కే గాక బ్రిటన్ అంతటికీ ఆశ్రయమయినది. లండనుకు దూరంగా, పడమటి సముద్రతీరాన ఉండటం వలన బాంబుల భయం తక్కువ. బ్రిటిష్ మ్యూజియంలోని మాగ్నా కార్టా మొదలైన అమూల్య పత్రాలను అక్కడికి తరలించినారు. అంతటితో తృప్తిపడక, భవనం క్రింది కొండరాతిలో ఒక సొరంగం తొలిపించినారు. 1940 జూలై నుండి 1945 మే వరకు గ్రంథాలు అందులో ఉన్నవి.

రాతి సొరంగం బాంబును ఆపగలదు గాని తేమను ఆపలేదు. ఇక్కడనే భౌతికశాస్త్రం అక్కరకు వచ్చినది. 10 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 9.4 గ్రాముల నీటియావిరిని మాత్రమే పట్టుకొనగలదు. అంతే ఆవిరి నిండిన గాలి సంతృప్తమయినదంటాము. దాని సాపేక్ష ఆర్ద్రత 100 శాతం. అదే గాలిని, నీరు కలపకుండ, తీయకుండ 18 డిగ్రీలకు వేడిచేసినామనుకొందాము. ఆ ఉష్ణోగ్రత వద్ద ఘనమీటరుకు సుమారు 15.4 గ్రాముల ఆవిరి పట్టుతుంది. ఉన్నది 9.4 గ్రాములే కాబట్టి సాపేక్ష ఆర్ద్రత 61 శాతానికి దిగుతుంది. ఆవిరిలో ఒక్క చుక్క తగ్గకపోయినా తోలుపత్రానికి ఆ గాలి పొడిగాలియే. అందుచేత సొరంగాన్ని వెచ్చగా ఉంచి, లోపల గాలి కదిలే ఏర్పాట్లు చేసినారు.

ఈ జాగ్రత్త వృథా కాలేదు. 1941 మే 10వ తేదీ రాత్రి బ్రిటిష్ మ్యూజియం మీద నిప్పుబాంబులు పడి, అక్కడనే ఉండిపోయిన అచ్చుపుస్తకాలు సుమారు 2,50,000 కాలిపోయినవి. ఇంచుమించు ఎనభై ఏండ్ల క్రిందట విన్‌స్టే భవనంలో జరిగినది లండను నడిబొడ్డున మళ్ళీ జరిగినది. అబెరిస్ట్విత్‌కు చేరినవి మాత్రం యుద్ధానంతరం క్షేమంగా ఇల్లు చేరినవి. ఆ గ్రంథాలయానికి కూడ అగ్నిభయం తప్పలేదు. 2013 ఏప్రిల్ 26న పైకప్పు మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచి భవనంలో కొంతభాగం దెబ్బతిన్నది. అమూల్యమైన వ్రాతప్రతులకు మాత్రం హాని కలుగలేదు. పెనియార్త్ ప్రతులను 2010లోనే యునెస్కో వారి ‘ప్రపంచ స్మృతి’ కార్యక్రమంలోని బ్రిటన్ పట్టికలో చేర్చినారు. ముఖ్యమైనవాటికి ఛాయాచిత్రాలు తీసి కంప్యూటరు ద్వారా ఎవరైనా చూడగలిగే వీలు కూడ కల్పించినారు. పుట తిరగవేయకుండనే పాఠం చదవవచ్చును గనుక మూలప్రతికి శ్రమ తగ్గినది. అయితే అతినీలలోహిత కాంతిలో వెలికివచ్చిన ముఖాలు సాధారణ ఛాయాచిత్రంలో దొరికేవి కావు. అందుచేత నకలు ఎంత మంచిదైనా మూలాన్ని కాపాడక తప్పదు.

ఒక రైతుదొర దినచర్య

సొంత కాగితాలు చరిత్రకారునికే గాక శాస్త్రజ్ఞునికి కూడ ఎట్లా ఉపయోగిస్తవో మరొక ఉదాహరణ చెప్పవచ్చును. ఇది అబెరిస్ట్విత్‌లోనిది కాదు. ఉత్తర వేల్స్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉన్నది. విలియం జోన్స్ పుట్టిన ఆంగ్లసీ ద్వీపంలోనే విలియం బల్క్‌లీ అనే భూస్వామి ఉండేవాడు. అతడు 1734 నుండి 1760లో మరణించేవరకు దినచర్య వ్రాసినాడు. పొలం పనులు, సంతలో ధరలు, ఇరుగుపొరుగు తగాదాలు అందులో ఉన్నవి. అయితే ప్రతిదినం మొదట వ్రాసేది మాత్రం గాలి ఏ దిక్కునుండి వీచినది, వాన పడినదా, ఎండ కాచినదా అనే విషయం.

అతడు శాస్త్రజ్ఞుడు కాడు. వాతావరణ పరిశోధన అతని ఉద్దేశం కాదు. రైతు గనుక గాలీ వానా గమనించినాడు. కాని ప్రభుత్వ వాతావరణశాఖలు పుట్టడానికి నూరేండ్ల ముందు, ఒకే చోట, ఒకే మనిషి, ఏండ్ల తరబడి వ్రాసిన వివరం కావడం వలన, గతకాలపు శీతోష్ణస్థితిని పరిశోధించేవారికి అది విలువైన ఆధారమయినది. దానిని ఉపయోగించేవారు ఒక విషయం జ్ఞాపకముంచుకోవాలి. బ్రిటన్‌లో 1752 సెప్టెంబరులో పంచాంగం మార్చి 11 దినాలు తొలగించినారు. అంతకు పూర్వపు తేదీలకు 11 కలిపితే గాని నేటి తేదీలతో సరిపోలవు.

ఈ దినచర్యలో నేడు రెండు సంపుటాలు ఉన్నవి. మొదటిది 1743తో ముగుస్తుంది. రెండవది 1747తో ప్రారంభమవుతుంది. వాటి నడుమ ఉండవలసిన సంపుటం ఎక్కడనో పోయినది. మంటలో కాలినదో, తేమలో కుళ్ళినదో, పనికిరాని పాతపుస్తకమని ఎవరైనా పారవేసినారో చెప్పగలవారు లేరు. చెరిపివేసిన అక్షరాన్ని కిరణాలతో చదవవచ్చును. వెలిసిన సిరాలోని ఇనుమును పసిగట్టవచ్చును. లేని పుస్తకాన్ని చదివే సాధనం ఏ ప్రయోగశాలలోనూ లేదు. ఆ నాలుగేండ్లు ఆంగ్లసీ ద్వీపంలో ఏ దినాన ఏ గాలి వీచినదో బల్క్‌లీ వ్రాసి ఉంచినాడు. మనకు మాత్రం అది దక్కలేదు.